నిన్నటి కల్యాణి

కర్ణాటక సంగీతంలో విదేశీ పర్యటన అంటే పాడేవారు, వయొలిన్, మృదంగం ఒక జట్టుగా వారాల తరబడి ఊరూరా తిరగడం. అమెరికాలో 1978లో మొదలైన క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన ఏటా వసంతకాలంలో జరుగుతుంది. దాన్ని ఆసరా చేసుకుని ఎన్నో పర్యటనలు సాగుతాయి. కచేరీలు ఎక్కువగా శని, ఆదివారాల్లో ఉంటాయి. మిగతా రోజులు ప్రయాణాలకూ, అక్కడి పిల్లలకు పాఠాలు చెప్పడానికీ పోతాయి. బస చాలాసార్లు నిర్వాహకుల ఇళ్లలోనే. మర్యాదకు లోటుండదు, ఏకాంతానికే లోటు.

గాలి మారిన సంగతి ముందు మృదంగానికి తెలుస్తుంది. పొడిగాలికి చర్మం బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది, తేమకు సడలి దిగిపోతుంది. వాయించేవారు రాయీ కర్రముక్కా పట్టుకుని దాన్ని దారికి తెచ్చుకుంటారు. గొంతుకు అలాంటి రాయి లేదు. నీళ్లు పడకపోయినా, నిద్ర చాలకపోయినా తారస్థాయిలో బయటపడుతుంది. కుర్ర గాయకులు భయపడేది దీనికే. కానీ అసలు చిక్కు ఇంకోచోట ఉంది.

కీర్తన నేర్చుకున్నది. ఆలాపన, నెరవు, కల్పనస్వరం అప్పటికప్పుడు పుట్టాల్సినవి, మనోధర్మమంటే అదే. మద్రాసు డిసెంబరు సీజన్‌లో ఒకే గాయకుడికి సభసభకూ పక్కవాద్యాలు మారుతుంటాయి, ముందుగా కలిసి సాధన చేసేది అరుదు. పక్కనున్నవారు ఏ మలుపు తిప్పుతారో తెలియదు కనుక చెవి మేలుకునే ఉంటుంది. పర్యటనలో జట్టు మారదు. నాలుగైదు కచేరీలు గడిచేసరికి కల్యాణి రాగాలాపన ఎక్కడ ఆగుతుందో వయొలిన్‌కు ముందే తెలుసు, ఏ ముక్తాయింపుకు చప్పట్లు పడతాయో ముగ్గురికీ తెలుసు. కిందటి ఊళ్లో మెప్పు పొందిన పోకడ ఈ ఊళ్లో పిలవకుండానే వచ్చేస్తుంది. శ్రోతలకు మాత్రం ఆ కల్యాణి కొత్తదే కాబట్టి నష్టమేమీ లేదనిపిస్తుంది. నష్టపోయేది వేదిక మీదివారు.

అయితే పూర్తిగా కొత్తదంటూ ఎవరూ పాడలేరు. ఆలాపనలో వచ్చే ప్రతి ప్రయోగమూ ఏళ్ల సాధకంలో గొంతులో కుదురుకున్నదే. అందుచేత నిన్నటి ప్రయోగం ఇవాళ రావడం తప్పు కాదు. వయొలిన్ ఇచ్చిన బదులు విని తన తరువాతి పోకడ మార్చుకోగలిగితే అది మనోధర్మం. బదులు ముగిసేదాకా ఊరికే ఆగి, ముందనుకున్నదే పాడితే అది జ్ఞాపకశక్తి. బయటికి రెండూ ఒకేలా వినిపించవచ్చు.

అలా వినడం నేర్పే చదువుకు మాండొలిన్ శ్రీనివాస్ ఒక ఉదాహరణ. పాలకొల్లులో 1969లో పుట్టిన అతను 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేశాడు. 1983లో, పద్నాలుగేళ్ల వయసులో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. అతని గురువు రుద్రరాజు సుబ్బరాజు గాత్ర విద్వాంసుడు. ఆయన పాడేవారు, కుర్రవాడు విన్నదాన్ని తంత్రుల మీద పలికించేవాడు. వేలి కన్నా ముందు చెవి తయారైన చదువు అది. రాగమన్నది ఎరగని శ్రోతల ముందు కూర్చున్నప్పుడు అక్కరకొచ్చేది అలాంటి చదువే.

నిన్నటిదే మళ్లీ రాకుండా కొందరు ప్రధాన రాగాన్ని కచేరీకొకటి చొప్పున మారుస్తారు, కొందరు శ్రోతల చీటీలు చూసి కీర్తన ఎంచుకుంటారు. ఇవి కీర్తనల నిల్వ పెద్దదిగా ఉన్న విద్వాంసులకు తేలిక. చిన్నవారికి అంత నిల్వ ఉండదు, పైగా మళ్లీ పిలుస్తారో లేదోనన్న బెంగ ఒకటి. కొత్తది పుట్టడానికి తీరిక కూడా కావాలి. త్యాగరాజు యాత్రలకు వెళ్లినప్పుడు తేదీల పట్టిక లేదు. కోవూరు, తిరువొత్తియూరు, లాల్గుడి, శ్రీరంగం క్షేత్రాల మీద పంచరత్నాలు వెలిశాయి. ఈనాటి పర్యటనకు ఆ తీరిక రాదు. కానీ పిలిచినవారు ఒక పని చేయవచ్చు: వారం మధ్యలో పాఠాలూ విందులూ లేని ఒక పూటను, తలుపు వేసుకోగల ఒక గదిని ఆ కుర్ర విద్వాంసులకు విడిచిపెట్టాలి.