వస్త్రమునకు గౌరవ మెచ్చటనుండి వచ్చును?

స్కాట్లండు దేశమున పెండ్లిండ్లకు, వేడుకలకు పురుషులు కిల్టు ధరించుట వాడుక. నడుమునుండి మోకాళ్లవరకు వ్రేలాడుచు, వెనుకవైపు దట్టముగ కుచ్చెళ్లు గల గళ్ల ఉన్నివస్త్రమిది. మనిషి కొలతకు చేతితో కుట్టించు మేలురకమునకు సుమారు 8 గజముల గుడ్డ పట్టును. వెల వందల పౌనులకు పోవును. అంత పెట్టలేనివారు అద్దెకు తెచ్చుకొందురు. లేదా అంగడిలో నడుముకొలతలనుబట్టి ముందే కుట్టియుంచిన చౌక కిల్టును కొందురు. ఈ కడపటివానిని చూచి పెదవి విరుచువారు కలరు. తాతలనాటి ఉడుపును అంగడిసరకుగా కొనుట సంప్రదాయమునకు అవమానము కాదా యని వారి ప్రశ్న. ఇది కిల్టుతో ముగియు ప్రశ్న కాదు గనుక విచారింపదలచితిమి.

ఆ తాతలు ధరించిన దేమి? హైలాండు కొండసీమలవారు పొడవైన ఉన్నిగుడ్డను కుచ్చెళ్లుగా మడచి, నడుమున పట్టెతో బిగించి, మిగిలినదానిని భుజముపై వేసికొనెడివారు. రాత్రి అదియే దుప్పటి. దానికి దర్జీతో పనియే లేదు. 18వ శతాబ్దమున పైభాగము తొలగి, క్రిందిభాగమే చిన్నకిల్టుగా నిలిచినది. 1745 నాటి తిరుగుబాటు అణగిన పిమ్మట, 1746లో చేసిన శాసనము ఈ ఉడుపును నిషేధించెను. సైన్యములో లేని పురుషుడు ధరించినచో ఆరునెలల చెఱ. మరల ధరించినచో ఏడేండ్లు సముద్రాంతర ప్రవాసము. 1782లో గాని ఆ శాసనము రద్దు కాలేదు. 1822లో 4వ జార్జిరాజు ఎడింబరోకు వచ్చినపుడు, వాల్టరు స్కాటు నడపిన వేడుకలలో రాజే కిల్టు ధరించెను. ఒకనాడు నేరమైనది మరియొకనాడు రాజభూషణమైనది! ఇట్లు మారుచు వచ్చినదానిలో ఖరీదైన కుట్టుపని మాత్రమే సంప్రదాయమనుట చరిత్రను మరచుటయే.

అట్లని చౌకయైన దెల్ల మంచిదని మేము చెప్పము. గళ్ల వరుస తప్పకుండ కుచ్చెళ్లు తీర్చుట గొప్ప నేర్పు. దానికి తగిన వెల యిచ్చుట ధర్మము. చౌకవస్తువును కొనువాడు వెల యెట్లు తగ్గినదని అడుగవలయును. గుడ్డ కొంత తగ్గించి, యంత్రముపై కుట్టి, లెక్కప్రకారము కొలతలు పెట్టుటచే తగ్గినచో దోషము లేదు. కుట్టినవారి కూలి కోసి తగ్గించినచో, ఆ లాభము మనకు తగదు. కృత్రిమపు నూలును ఉన్నియని చెప్పి అమ్మినచో అది మోసమే.

ఈ మూడింటిని విచారించి, తన శక్తికి తగిన నిజమైన ఉన్నికిల్టును అంగడిలో కొన్న యువకుడు దేనికి సిగ్గుపడవలయును? దానిని ఏండ్ల తరబడి శుభ్రముగ కాపాడి కట్టుకొన్నచో అది అతనిదే. ఇరుగుపొరుగుల మెప్పుకై అప్పుచేసి కుట్టించినవాడు ధరించునది తాతల గౌరవము కాదు, వడ్డీవాని సొమ్ము.

అప్పుచేసి పప్పుకూడు తినరాదని పిల్లలకు చెప్పుచునే, పెండ్లినాడు పట్టుబట్టలకై పత్రము వ్రాయు ఇండ్లు మనలో లేవా? స్కాట్లండు యువకునికి చెప్పిన మాట మన గడపలోపలను చెల్లును. వస్త్రము గౌరవము నీయదు. మనము నిజాయితీతో ధరించి దానికి గౌరవము నిత్తుము.