ఎనక బరువు

నాలుగేళ్ళపాటు నాకు చక్రాల మీద ఒక ఇల్లు ఉండేది. 2021 వేసవిలో, కోవిడ్ భయానికి విమానాలూ హోటళ్ళూ వద్దనుకున్న రోజుల్లో, ఒహాయోలో కొన్నాను. 24 అడుగుల ట్రావెల్ ట్రెయిలర్. రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు, లోపల మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూము. ఇంజను ఉండదు. పికప్ ట్రక్కు వెనక తగిలించి లాక్కుపోవాలి. ఆ ఒక్క ఏడాదే అమెరికాలో ఇలాంటి చక్రాల ఇళ్ళు 6 లక్షలకు పైగా ఫ్యాక్టరీలు దాటాయట, అప్పటికి అదే రికార్డు. అందరూ వెళ్ళిన దారిలోనే నేనూ వెళ్ళానన్నమాట.

శ్రీముఖలింగం దగ్గర పల్లెలో ఉండే మా తాతకి (అమ్మ వాళ్ళ నాన్న) వీడియో కాల్‌లో చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "ఏటిరా, గూడుబండి కొన్నావా?" అన్నాడు. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. "ముందు బరువెంత, ఎనక బరువెంత?" అని అడిగాడు. పెద్దాయన ఏదో అంటున్నాడులే అనుకుని ఫోన్ పిల్లలకి ఇచ్చేశాను.

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించి. ఒక వస్తువు నాది అన్నప్పుడు, దాంతో పాటు ఇంకేం నాదవుతుంది?

కొన్న కొత్తలో నా జవాబు తేలిక. స్వేచ్ఛ నాదవుతుంది. ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడే ఇల్లు. కానీ లెక్కేసి చూస్తే ఏడాదిలో మేం దాంట్లో గడిపింది ముప్ఫై రోజులు కూడా లేదు. మిగతా రోజులన్నీ అది అద్దె స్థలంలో ఉండేది, ఎందుకంటే మా కాలనీ సంఘం నియమాల ప్రకారం ఇంటిముందు ట్రెయిలర్ పెట్టకూడదు. ముఖలింగేశ్వరుడి గర్భగుడిలో, లింగం వెనక, ఒక పెద్ద మట్టి గోలెం ఉంటుంది. ద్వారం కన్నా పెద్దది. మొక్కు తీర్చుకోడానికి ఒక కుమ్మరి చేసి తెచ్చాడనీ, తీరా చూస్తే గుమ్మం పట్టలేదనీ, చివరికి దేవుడే దాన్ని లోపలికి తీసుకున్నాడనీ అమ్మమ్మ చెప్పేది. గుమ్మం కొలవకుండా కుండ చేసినవాణ్ణి దేవుడు కాచాడు. నేను మాత్రం నెలనెలా అద్దె కట్టాను.

అద్దె ఒక్కటే అయితే పర్వాలేదు. వాడకపోయినా పాడయ్యే వస్తువు అది. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. నా టైర్ల మీద 2320 అని ఉండేది, అంటే 2020లో 23వ వారంలో తయారైనవి. పైన గాడులు కొత్తవాటిలా ఉన్నా, ఎండకీ గాలికీ రబ్బరు లోపల్నుంచి ముసలిదవుతుంది. ఐదారేళ్ళకి మార్చెయ్యాలి. మూడునాలుగు నెలలకోసారి పైకప్పు ఎక్కి అతుకుల దగ్గర సీలెంట్ పగిలిందేమో చూడాలి. ఏడాదికోసారి బేరింగులు విప్పి, పాత గ్రీజు తుడిచి కొత్తది దట్టించాలి. చలికాలం ముందు పైపుల్లో నీళ్ళన్నీ వదిలేసి, మిగిలిన తేమ గడ్డకట్టి పైపులు పగలకుండా గులాబీరంగు యాంటీఫ్రీజ్ పట్టించాలి. చక్రం తీసి బిగించాక 50 మైళ్ళు పోయి, ఆగి, నట్లు మళ్ళీ బిగించాలి.

జాన్ లాక్ 1689లో వచ్చిన పుస్తకంలో, మనిషి తన శ్రమను కలిపినప్పుడు వస్తువు అతనిదవుతుందన్నాడు. అది చదువుకున్న రోజుల్లో ఆ శ్రమ ఒక్కసారి చేస్తే చాలనుకున్నాను: చెట్టు నరికాను, పొలం దున్నాను, ఇక నాదే. కప్పు మీద మోకాళ్ళ మీద కూర్చుని గీకుతున్నప్పుడు తెలిసింది, అది వాయిదాల్లో కట్టే బాకీ. మా తాత ఇరుసుకి ఆముదంలో మసి కలిపి కందెన పెట్టేవాడట. చక్రం కిర్రుమంటే అది బండి అరుపు కాదు, బండివాడి బద్ధకం అనేవాడు. నిజానికి ఆయన బండి నా ట్రెయిలర్ కన్నా అదృష్టవంతురాలు. ఏడాది పొడుగునా పెంట మోసింది, ధాన్యం మోసింది. వెదురు గూడు బిగించుకుని యాత్రకి వెళ్ళింది ఏడాదికి ఒక్కసారే, శివరాత్రికి.

శివరాత్రి ఉత్సవాల చివర శ్రీముఖలింగంలో వంశధారలో చక్రతీర్థ స్నానం జరుగుతుంది. ఒడిశా నుంచి కూడా జనం వస్తారు. మా అమ్మ చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ గూడుబండిలో వెళ్ళి, ఒడ్డునే బండి కింద వండుకుని, దాంట్లోనే పడుకుని వచ్చేవాళ్ళట. మా తాతకి ఊళ్ళో ఒక పేరుంది: శివరాత్రి నాడు అత్తగారిని బండి దింపేసిన మనిషి. తిరుగు ప్రయాణంలో చీకట్లో చుట్టాలు ఒక్కొక్కరే వెనకనుంచి ఎక్కారట. కొంతదూరం పోయాక తాత బండి ఆపి, వెనక కూర్చున్న వాళ్ళ అత్తగారిని దిగి నడవమన్నాడు. ఆవిడ దిగింది. మళ్ళీ రెండేళ్ళు ఆ గడప తొక్కలేదు. ఈ కథని మా ఇంట్లో తాత మొండితనానికి ఉదాహరణగా చెప్పుకుంటారు. నేనూ అలాగే విన్నాను, 2022 జూలై వరకు.

ఆ జూలైలో స్మోకీ పర్వతాలకు బయల్దేరాం. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు. కెంటకీ దాటి టెనెసీలోకి వచ్చాక ఐ-75 జెల్లికో దగ్గర కొండలెక్కి దిగుతుంది. దిగేటప్పుడు ఒక పెద్ద లారీ మమ్మల్ని దాటింది. ఆ గాలికి ట్రెయిలర్ తోక కొంచెం ఊగింది. ఊగి ఆగలేదు. అటూ ఇటూ, ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువగా. వెనకది ముందుదాన్ని తోలుతోంది. నేను భయంతో బ్రేకు తొక్కాను. తొక్కకూడదు, ఇంకా పెరిగింది. పక్క వరసలో ఒక చిన్న కారు ఉంది. స్టీరింగ్ దగ్గర ఒక ముసలావిడ. ఆవిడ ముఖం ఇప్పటికీ గుర్తుంది. ట్రెయిలర్ ఆవిడ వైపు ఒరిగి, వెనక్కి వచ్చి, మళ్ళీ ఒరిగింది. అప్పుడు మోకాలి దగ్గరున్న కంట్రోలర్ మీట గుర్తొచ్చింది. దాన్ని నొక్కితే ట్రెయిలర్ బ్రేకులు మాత్రమే పడతాయి. యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి అది నొక్కాను. తాడు లాగినట్టు ట్రెయిలర్ సాపయింది. మొత్తం పది సెకన్లు ఉంటుందేమో.

తర్వాతి మజిలీలో తూకం వేయించాను. ట్రెయిలర్ మొత్తం బరువు 5,600 పౌండ్లు, అంటే సుమారు రెండున్నర టన్నులు. దాని ముక్కు ట్రక్కు మీద మోపే బరువు 380. ఇలాంటి ట్రెయిలర్లకి అది మొత్తంలో 10 నుంచి 15 శాతం ఉండాలి. నాది 7 కూడా లేదు. వెనక బంపర్ మీద నాలుగు సైకిళ్ళు, వెనక మంచం కింద డబ్బాలు, ఇరుసుల వెనకున్న ట్యాంకులో 40 గాలన్ల నీళ్ళు. నీళ్ళే 330 పౌండ్లు. అమ్మినవాడు "మీ ట్రక్కు 7,000 పౌండ్లు లాగేస్తుంది" అన్న మాటొక్కటే నేను పట్టుకున్నాను. లాగగలగడం వేరు, మోయగలగడం వేరు. ట్రక్కు తలుపు దగ్గర పసుపు స్టిక్కరు మీద అది మోయగలిగే బరువు రాసి ఉంటుంది. మనుషులు, సామాను, ట్రెయిలర్ ముక్కు, అన్నీ కలిపి. ఏడాదిగా రోజూ ఆ తలుపు తీస్తున్నాను. ఎప్పుడూ చదవలేదు.

ఆ రాత్రి తాతకి ఫోన్ చేశాను. ఊగిందని చెప్పగానే, "ఎనక బరువు" అన్నాడు. తర్వాత అత్తగారి కథ ఆయన నోటితో మొదటిసారి విన్నాను. "ముందు బరువైతే ఎద్దు మెడ కుంగిపోతాది. ఎనక బరువైతే కాడి లేచిపోయి మెడ పట్టెడ గొంతు నొక్కేస్తాది. ముందు బరువైతే ఎద్దు నడక సెప్తాది. ఎనక బరువైతే దానికి ఊపిరాడదు, ఏటి సెప్తాది?" ఆ చీకట్లో ఆయనకి వినిపించింది ఎద్దు గొంతులో గురక. అత్తగారికి కోపం వస్తుందని ఆయనకి తెలుసు. ఆవిడకి నోరుంది, కోప్పడగలదు.

కఠోపనిషత్తులో రథం పోలిక చాలామందికి తెలిసిందే. శరీరం రథం, ఆత్మ అందులో ప్రయాణికుడు, బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు. ఎంత చక్కటి పోలికో! కానీ ఆ రథంలో సామాను లేదు, వెనక ఎక్కిన చుట్టాలు లేరు. గుర్రాల్ని అదుపులో పెట్టడం గురించే ఆలోచన, గుర్రాల మెడ గురించి కాదు. మన నీతి చర్చలన్నీ చాలావరకు సారథి వైపు నుంచే జరుగుతాయి: ఎటు వెళ్ళాలి, ఎలా వెళ్ళాలి. నేను అడగని ప్రశ్న వేరు. నా ప్రయాణం బరువు ఎవరి మెడ మీద పడుతోంది? తాతకి ఆ మెడ కళ్ళెదురుగా ఉండేది, అందుకే జవాబు తెలిసేది. నాకు ఎద్దు లేదు. యంత్రం గురక పెట్టదు. గురక బదులు ఒక స్టిక్కరు, ఒక శాతం, ఒక తూకం చీటీ ఉన్నాయి. చదివేవాడికే అవి గొంతు. ఉద్యోగంలో కూడా ఇంతే. శుక్రవారం సాయంత్రం తొందరగా నేను తోసేసిన కోడ్‌కి రాత్రి రెండింటికి ఎవరి ఫోన్ మోగుతుందో నాకు కనపడదు. కనపడకపోవడం నా తప్పు కాదు. కనుక్కోకపోవడం నా తప్పే.

ఇంతవరకూ రాసి ఆపేస్తే, నేను బుద్ధి తెచ్చుకున్న కథ అయ్యేది. కానీ 2025లో ట్రెయిలర్ అమ్మకానికి పెట్టాను. పెట్టేముందు శుభ్రం చేస్తుంటే వెనక మూల నేల మెత్తగా తగిలింది. పైకప్పు అతుకులోంచి ఎన్నాళ్ళుగానో నీళ్ళు దిగి, గోడ లోపలి చెక్క నానిపోయింది. పైకి ఏమీ కనపడదు. దాని మీద చాప పరిస్తే చాలు.

కొనడానికి వచ్చినవాళ్ళు ఓ జంట, చంకలో ఏడాది పిల్ల. అద్దెలు కట్టలేక దాంట్లోనే కాపురం పెడతామన్నారు. 16,000 డాలర్లకి ఒప్పుకున్నారు. కాగితంలో "ఉన్నది ఉన్నట్టుగా" అనే మాట ఉంటుంది, దాంతో చట్టానికి సరిపోతుంది. రాత్రి నా భార్య అంది: "మనకి అమ్మినవాళ్ళు బరువు గురించి చెప్పారా? మనం అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. వీళ్ళూ అడగలేదు." ఆ వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. అందరూ దాచే బజారులో ఒక్కడు చెబితే నష్టం ఆ ఒక్కడిదే, పైగా అది మా పిల్లల డబ్బు.

మర్నాడు చాప ఎత్తి చూపించాను. వాళ్ళు థాంక్స్ చెప్పి వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు. నెల తర్వాత వడ్రంగం తెలిసిన ఒకాయన 11,500కి తీసుకున్నాడు. ఇదేదో గొప్ప పని అని నాకనిపించడం లేదు. పిల్ల కనపడింది కాబట్టి చెప్పానేమో. అదే ఏ డీలరుకో అమ్ముంటే చాప ఎత్తేవాణ్ణా? బహుశా ఎత్తేవాణ్ణి కాదు. అప్పుడు కూడా చివరికి ఎవరో ఒక పిల్ల ఆ మూలన పడుకునేది. కాకపోతే నాకు కనపడేది కాదు. ఎద్దు కళ్ళముందున్నప్పుడు జాలిపడటం ఎవరికైనా వస్తుంది. కష్టమంతా కనపడని ఎద్దుతోనే. అమ్మేస్తే వస్తువు నాది కాకుండా పోతుంది గానీ, దాంట్లో నేను పోగుచేసిన బరువు నాతో తెగిపోదు. తూకం చెప్పకుండా ఇస్తే, నేను ఇంకొకరి గొంతుకి పట్టెడ బిగించినట్టే.

ఈ శివరాత్రికి ఊరెళ్ళాను. తాతకి ఎనభై ఎనిమిదేళ్ళు, మంచం దిగడం లేదు. చక్రతీర్థానికి మామయ్య ట్రాక్టర్ సిద్ధం చేశాడు. తొట్టిలో గడ్డి పరిచి ఇరవైమందిదాకా ఎక్కారు. మనుషుల్ని ఎక్కించడానికి చేసింది కాదది. అందరికీ తెలిసిన సంగతే, ఏటా జరిగే సంగతే. లోపల్నుంచి తాత, "ఎనక ఎంతమందున్నార్రా?" అని అరిచాడు. మామయ్య నవ్వి, "ఇది ట్రాక్టర్ నాన్నా, దీనికి గొంతు లేదు" అన్నాడు.

నేను దిగి తొట్టి తగిలించినచోట చూశాను. పిన్ను బదులు ఒక ఇనప ఊచ దూర్చి ఉంది. అడుగున పైకి లేవకుండా పట్టుకునేదేమీ లేదు. రోడ్డు మీదికెళ్ళి మూడు ఆటోలు పిలుచుకొచ్చాను. పిల్లల్నీ ఆడవాళ్ళనీ దిగమన్నాను. పిల్లలు గొడవ చేశారు. అత్తయ్య దిగింది గానీ, ఏరు దాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు.