నొప్పికే, ఇంకెందుకూ కాదు

"నొప్పికే వాడుతున్నానండీ, ఇంకెందుకూ కాదు."

గర్భనిరోధక మాత్రలు వాడే పెళ్లికాని అమ్మాయిల నోట ఈ మాట నేను తరచూ వింటుంటాను. డాక్టరుతో అంటారు, హాస్టల్ వార్డెన్‌తో అంటారు, అమ్మతో అంటారు. మందుల షాపులో కౌంటర్ వెనక నిలబడ్డ కుర్రాడితో కూడా అంటారు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లెవరూ "ఇంకెందుకూ కాదు" అని సంజాయిషీ ఇచ్చుకోరు. బి.పి. మాత్రకీ ఆ అవసరం రాదు. మరి ఈ ఒక్క మాత్రకే ఎందుకు? ఆ వాక్యంలో మొదటి సగం అమ్మాయి తన గురించి చెబుతున్నది. రెండో సగం ఎవరి కోసం?

నేనుండేది ఎల్.బి.నగర్‌లో. విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు వచ్చి కలిసే చోటు. సూర్యాపేట, నల్గొండ, ఖమ్మం నుంచి వచ్చే అమ్మాయిలు సూట్‌కేసుతో దిగేది ఇక్కడే. ఇక్కణ్ణించి చైతన్యపురి, కొత్తపేట, గడ్డిఅన్నారం మీదుగా దిల్‌సుఖ్‌నగర్ దాకా ఏ సందులోకి తిరిగినా ఒక కోచింగ్ సెంటరు, దాని పక్కనే ఒక లేడీస్ హాస్టల్. గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు పరీక్షలు, సాఫ్ట్‌వేర్ కోర్సులు. ఒక గదిలో నాలుగు మంచాలు, అందరికీ కలిపి ఒక బాత్‌రూమ్, ఆదివారం పొద్దున్నే మాక్ టెస్ట్. నెలలో రెండు రోజులు కడుపు పట్టుకుని ముడుచుకుపోయే అమ్మాయికి అది కేవలం ఒంటి బాధ కాదు. పోయిన క్లాసు, పోయిన టెస్టు, అప్పు చేసి ఫీజు కట్టిన నాన్నకి చెప్పుకోవాల్సిన లెక్క.

నొప్పి ఎందుకొస్తుందో తెలియని రోజులు కావివి. నెలసరి సమయంలో గర్భసంచి లోపలి పొరలో ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు తయారవుతాయి. అవి గర్భసంచి కండరాన్ని గట్టిగా ముడుచుకునేలా చేస్తాయి. అవి ఎక్కువగా తయారైన ఒంట్లో నొప్పి, వాంతులు, విరేచనాలు అన్నీ కలిసి వస్తాయి. మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్ లాంటివి ఆ రసాయనాల తయారీని తగ్గిస్తాయి. వాటితో లొంగని నొప్పికీ, విపరీతమైన రక్తస్రావానికీ హార్మోన్ మాత్రలు ఒక దారి. అండం విడుదల కాకుండా ఆపి, లోపలి పొర మందం కాకుండా చూస్తాయి కాబట్టి రక్తమూ తగ్గుతుంది, నొప్పీ తగ్గుతుంది. ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లకి అవి వ్యాధిని నయం చెయ్యవు, అదుపులో ఉంచుతాయి. పి.సి.ఓ.ఎస్.లోనూ అంతే. ఎడతెగని రక్తస్రావం ఒంట్లో ఇనుమునంతా లాగేస్తుంది. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతూనే ఉన్నాయి.

ఈ మందు మరీ అందనిదీ కాదు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ పొట్లంలో 21 హార్మోన్ మాత్రలు, 7 ఇనుము మాత్రలు ఉంటాయి. కానీ దాన్ని పంచే పథకం దృష్టిలో ఉన్నది "అర్హులైన దంపతులు". ఆ పొట్లం హాస్టల్ మెట్లెక్కదు. అక్కడికి చేరాలంటే "ఇంకెందుకూ కాదు" అనే అనుమతి పత్రం కావాలి.

ఆ అనుమతి పత్రం కొత్తదేమీ కాదు, మాత్రతో పాటే పుట్టింది. ఎనోవిడ్ అనే మొట్టమొదటి మాత్రకి 1957లో అమెరికాలో అనుమతి దొరికింది ఋతుక్రమ సమస్యలకే. గర్భనిరోధానికి అనుమతి వచ్చింది 1960లో. ఆ మూడేళ్లలోనే నెలసరి సరిగా లేదంటూ డాక్టర్ల దగ్గరికి వెళ్లినవాళ్ల సంఖ్య బాగా పెరిగింది. అప్పుడు గర్భం వద్దనుకున్న స్త్రీ నొప్పిని సాకుగా చూపించాల్సి వచ్చింది. ఇప్పుడు నిజంగా నొప్పి ఉన్న అమ్మాయి, అది సాకు కాదని రుజువు చేసుకోవాల్సి వస్తోంది. రెండు కాలాల్లోనూ అడిగేవాడు ఒకడే: "నీకు ఇది ఏ ఉద్దేశంతో కావాలి?"

ఇక్కడ ఒక నైతిక సమస్య ఉంది. "నొప్పికే" అన్న అమ్మాయి అబద్ధం చెప్పడం లేదు. అయినా ఆ నిజం ఒక అన్యాయమైన నియమానికి సాక్ష్యం పలుకుతోంది. 'నేను మంచి కారణంతో వాడుతున్నాను' అనగానే చెడ్డ కారణంతో వాడేవాళ్లు వేరే ఉన్నారని ఒప్పుకున్నట్టే. పక్క గదిలో ప్రేమించిన వాడితో తిరుగుతూ గర్భం రాకూడదని అదే మాత్ర వేసుకునే అమ్మాయిని ఈ వాక్యం అవతలి గట్టున నిలబెడుతుంది. ఒకే అమ్మాయికి రెండు కారణాలూ ఉండొచ్చు కదా! అప్పుడామె తనని తానే రెండుగా కోసుకోవాలి, ఒక సగాన్ని దాచి రెండో సగాన్ని చూపించాలి.

ఆ అమ్మాయిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఈ రాత్రికి నొప్పి తగ్గాల్సిన మనిషిని సమాజాన్ని మార్చమని అడగడం క్రూరత్వం. ఆమె తనకి దొరికిన తలుపులోంచి వెళుతోంది. ఆ తలుపు అంత ఇరుకుగా ఎందుకుందన్నది మాత్రం మనం అడగాలి.

పైగా, ఆ మొదటి సగాన్నైనా ఒప్పుకుంటున్నారా? "నొప్పి" అనగానే వచ్చే జవాబు మనందరికీ కంఠతా వచ్చు. "పెళ్లయితే అదే తగ్గుతుంది." "ఒక కాన్పయితే అన్నీ సర్దుకుంటాయి." పందొమ్మిదేళ్ల పిల్ల కడుపునొప్పికి ఒక మొగుణ్ణీ ఒక బిడ్డనీ మందుగా రాసివ్వడం ఎంత వింతో మనకి తట్టదు, అంతగా అలవాటైపోయింది. మాత్ర పేరెత్తితే మాత్రం భయం. "రేపు పిల్లలు పుట్టకపోతే?" మాత్రలు మానేశాక అండం విడుదల మళ్లీ మొదలవుతుంది, గర్భం వచ్చే శక్తి పోదు. ఇది దశాబ్దాలుగా తెలిసిన విషయం. అయినా ఆ భయం కదలదు. ఎందుకంటే ఆ భయం ఆ అమ్మాయి గురించి కాదు, ఇంకా పుట్టని బిడ్డ గురించి.

సరే, గర్భసంచి మీద అంత గౌరవమే ఉందనుకుందాం. మరి అదే స్త్రీకి ఇద్దరు పిల్లలు పుట్టి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయి, ముప్ఫై అయిదేళ్లు వచ్చాక ఏం జరుగుతోంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి కాస్త పైన. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నూటికి ఎనిమిది మందికి పైగా. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక అనవసరంగా సంచులు తీసేస్తున్నారన్న విమర్శలు ఎంత పెరిగాయో మనకి తెలుసు. ఇలాంటి ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్రం చేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చెయ్యాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది. తెల్లబట్ట అయినా, నెలసరి ఎక్కువైనా, నడుము నొప్పి అయినా ఒకటే సలహా: "ఇంకా ఆ సంచితో నీకేం పని?" హార్మోన్ మాత్రలతోనో, లోపల అమర్చే హార్మోన్ లూప్‌తోనో తగ్గే రక్తస్రావానికి కూడా కత్తే సమాధానమైంది. చిన్న వయసులో ఆ ఆపరేషన్ అయితే ముట్లుడగడం ముందే ముంచుకు రావచ్చు. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకల బలం త్వరగా తగ్గిపోతుంది. కూలి పని చేసుకునే స్త్రీకి ఎముకలే కదా ఆస్తి!

పందొమ్మిదేళ్లప్పుడు గర్భసంచిని కాపాడటానికి మాత్ర వద్దన్నారు. ముప్ఫై అయిదేళ్లప్పుడు అదే గర్భసంచిని చెత్తబుట్టలో వేస్తున్నారు. చూడటానికి రెండూ పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి కానీ వెనక ఉన్న తర్కం ఒకటే. పిల్లలు పుట్టేదాకా అది వంశం సొత్తు, పుట్టాక ఎవరికీ అక్కర్లేని సంచి. నొప్పి పడుతున్న మనిషి లెక్కలో అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఈ మాట అన్నప్పుడు మనలోనే కొందరికి ఒక సందేహం వస్తుంది, రావాలి కూడా. హార్మోన్లను స్త్రీవాదులు సమర్థించడమేమిటి? పటాన్‌చెరు మర్చిపోయామా? 1980ల మధ్యలో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగానికి పేద స్త్రీలను పోగుచేశారు. అది ప్రయోగమని, దాని దుష్ఫలితాలు ఇవని వాళ్లకి సరిగా చెప్పలేదు. హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన సభ్యులు వెళ్లి విషయం వివరించాక చాలామంది స్త్రీలు వెనక్కి తగ్గారు. 1986లో స్త్రీశక్తి సంఘటన, ఢిల్లీ 'సహేలీ' తదితరులు కలిసి సుప్రీంకోర్టుకి వెళ్లారు. ఆ కేసు 2000 దాకా నడిచింది. ఆ పోరాటం మనకిచ్చిన అనుమానం విలువైనది.

అయితే పటాన్‌చెరులో మనం అడిగిందేమిటి? హార్మోన్ పాపమని కాదు, చెప్పకుండా చెయ్యడం పాపమని. ఆ స్త్రీలకి ఇవ్వనిది సమాచారం, అడగనిది ఇష్టం. ఆనాడు జనాభా లెక్క తగ్గించడానికి అడగకుండా ఎక్కించిన హార్మోనూ, ఈనాడు పరువు లెక్క తప్పకుండా ఉండటానికి అడిగినా ఇవ్వని హార్మోనూ ఒకే చేతిలోంచి వస్తున్నాయి. ఆ చెయ్యి నిర్ణయం మనకి వదలదు. 1991లో 'సవాలక్ష సందేహాలు' పుస్తకాన్ని తెలుగులో తెచ్చినప్పుడు ఉద్దేశం కూడా ఇదే కదా, మన ఒళ్లు మనకి తెలియాలని!

"నెలసరి సహజం, దాన్నెందుకు అణచాలి?" అనేవాళ్లున్నారు. ముట్టుని మైలగా చూసే సమాజంలో ఆ మాటకో ఆత్మగౌరవం ఉంది, కాదనను. కానీ సహజమైనదంతా భరించి తీరాలంటే పురిటి నొప్పికి మత్తుమందు కూడా ఉండకూడదు. ఏడెనిమిది కాన్పులు, ఏళ్ల తరబడి చనుబాలు ఇచ్చిన మన అమ్మమ్మలు జీవితం మొత్తం మీద ముట్టయిన సార్లు మనకంటే చాలా తక్కువ. ఏది సహజమో తేల్చడం అంత తేలిక కాదు.

మాత్ర వాడితే అన్నీ బాగవుతాయని కూడా నేననడం లేదు. నొప్పి వెనక ఏముందో చూడకుండా, ఎండోమెట్రియోసిస్ గురించో థైరాయిడ్ గురించో ఆలోచించకుండా ఒక చీటీ రాసి పంపేస్తే అదీ నోరు మూయించడమే. రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం, కలిపిన హార్మోన్ మాత్రలు వాడే పదివేల మందిలో ఏడాదికి 5 నుంచి 12 మందికి ఉంటుందని, వాడనివాళ్లలో అది సుమారు ఇద్దరికని యూరోపియన్ ఔషధ సంస్థ లెక్క. కళ్ల ముందు మెరుపులతో మొదలయ్యే మైగ్రేన్ ఉన్నవాళ్లూ, బి.పి. ఎక్కువగా ఉన్నవాళ్లూ, ఇంతకుముందు గడ్డలు కట్టినవాళ్లూ ఈ రకం మాత్రలు వాడకూడదు. క్షయకి రిఫాంపిసిన్ వాడుతుంటే మాత్ర సరిగా పనిచెయ్యదు. అందుకే డాక్టరు ఆ అమ్మాయిని తలనొప్పుల గురించి అడగాలి, ఇంట్లో ఎవరికైనా గడ్డలు కట్టాయా అని అడగాలి. "పెళ్లయిందా?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతే ఇవేవీ బయటికి రావు. సందేహంగా చూసేవాళ్ల ముందు అమ్మాయి నిజం దాచుకుంటుంది, ఆ దాపరికం ఆమె ప్రాణం మీదికి రావచ్చు. అంటే నీతి పేరుతో అడిగే ప్రశ్న వైద్యానికే అడ్డం పడుతోంది.

రాసేవాళ్లుగా మనవైపు కూడా చూసుకుందాం. 1993లో 'నీలిమేఘాలు' వచ్చేనాటికే తెలుగు స్త్రీవాద కవిత్వం శరీరం గురించి సిగ్గు వదిలి మాట్లాడింది, పురిటి గదిలోకి కూడా పాఠకుల్ని తీసుకెళ్లింది. కానీ పురిటినొప్పికి మన సాహిత్యంలో దొరికిన చోటు ముట్టునొప్పికి దొరకలేదనిపిస్తుంది. పురిటినొప్పి చివర ఒక బిడ్డ ఉంటుంది, ఆ నొప్పికి ఒక అర్థం ఉంటుంది. ముట్టునొప్పి చివర ఏమీ ఉండదు, మళ్లీ వచ్చే నెల తప్ప. ఫలితం లేని నొప్పిని గౌరవించడం మనకీ ఇంకా పూర్తిగా చేతకాలేదేమో!

నొప్పి తగ్గడానికి నొప్పి ఉండటమే చాలిన కారణం. గర్భం వద్దనుకోవడానికి వద్దనుకోవడమే చాలిన కారణం. ఈ రెంటినీ విడదీసి ఒకదాన్ని ఎక్కువ చేసి, ఇంకోదాన్ని తక్కువ చెయ్యాల్సిన పని మనకి లేదు. హాస్టల్లో ఉన్న అమ్మాయి ఆ మాట గట్టిగా అనలేదు, అంటే ఆమె చదువు ఆగిపోవచ్చు. ఉద్యోగాలున్నవాళ్లం, క్లాసురూముల్లో నిలబడి మాట్లాడేవాళ్లం, తలలు నెరిసినవాళ్లం మనం అనగలం. మన విద్యార్థినుల ముందు, మన కూతుళ్ల ముందు, మన రాతల్లో ఆ మాత్ర పేరు ఏ సంజాయిషీ తగిలించకుండా పలకగలం. అంతటితో ఎవరి నొప్పీ తగ్గదు. కానీ నొప్పి తగ్గించుకోవాలనుకున్న అమ్మాయి ముందుగా తన శీలాన్ని కౌంటర్ మీద పెట్టాల్సిన అవసరం కొంతైనా తగ్గుతుంది.