తేటనీరు, మంచినీరు

మూలవాక్యము: 2 రాజులు 2:19–22



యెరికో పట్టణస్థులు ఎలీషాతో తమ కష్టము చెప్పుకొనిరి. ఊరు చూచుటకు బాగున్నది, నీరు మాత్రము చెడ్డది, భూమి ఫలింపకున్నది. ప్రవక్త క్రొత్త పాత్రలో ఉప్పు తెప్పించెను. దానిని ఎవరి కడవలోను వేయలేదు. నేరుగా ఊట యొద్దకే వెళ్లి అందులో వేసెను. దేవుడు ఆ నీటిని బాగుచేసెను.

ఈ వాక్యము చదివినప్పుడెల్ల నా తప్పు ఒకటి జ్ఞాపకమునకు వచ్చును. కొన్ని సంవత్సరముల క్రిందట కోవిల్‌పట్టి, విరుదునగర్‌లలోని మన యౌవనస్థులతో సాత్తూరు దగ్గర ఒక పల్లె ప్రక్కన మూడు దినముల కూడిక పెట్టుకొంటిమి. తెచ్చుకొన్న నీరు రెండవ దినముననే అయిపోయెను. అక్కడి బోరు నీరు ఉప్పన. ఊరణి నీరు నల్లరేగడి మట్టితో బురదగా నుండెను. మా అమ్మ నేర్పినట్లు చిల్లగింజను కడవ లోపల అరగదీసి, ఆ నీరు పోసి ఉంచితిని. తెల్లవారుసరికి మట్టి అడుగున పేరుకొని, నీరు అద్దమువలె తేటపడెను.

వంట చూచుచున్న సహోదరి, "మాష్టారూ, ఒక పొంగు రానిచ్చి ఇద్దామా?" అని అడిగెను. "కట్టెలు తక్కువున్నాయమ్మా, ఇంత తేటగా ఉంటే కాచడమెందుకు?" అంటిని.

మరునాటికి ఐదుగురికి వాంతులు, విరేచనములు పట్టుకొనెను. ఒక చిన్నవానికి కండ్లు లోతుకు పోయెను. లీటరు కాచిన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగించుచు ఆసుపత్రికి చేర్చితిమి. దేవుని కృపవలన అందరును బ్రదికిరి. ఆ బిడ్డ తల్లి నన్ను ఏమియు అనలేదు. అనియుండిన యెడల నా మనస్సు కొంత తేలికపడెడిది.

ప్రియులారా, తేటపడుట వేరు, శుద్ధియగుట వేరు. చిల్లగింజ మట్టిని దింపును గాని కంటికి కనబడని క్రిములను చంపజాలదు. నీటిని తేర్చి, మడత పెట్టిన శుభ్రమైన గుడ్డలో వడకట్టి, తెర్లునట్లు ఒక నిమిషమైనను మరిగించవలెను. తరువాత మూత పెట్టి, చేయి ముంచక గరిటెతో తీయవలెను. కట్టెలు లేనిచో తేటనీటిని రంగులేని ప్లాస్టిక్ సీసాలలో పోసి మంచి ఎండలో 6 గంటలు, మబ్బు పట్టినచో 2 దినములు పరుండబెట్టవలెను. నీటిలోని ఉప్పును, ఫ్లోరైడును మాత్రము ఇవేవియు తీయలేవు. అట్టి చోటికి నీరు వెంట తీసికొని పోవుటయే మేలు.

1876–78 మహాకరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు తీసికొని, ఆకలిగొన్న మన పితరులకు పని కల్పించిరి. ఆ కరువులో కలరా వలన అనేకులు చనిపోయిరి. రాబర్ట్ కాక్ కలకత్తాలో కలరా క్రిమిని వేరుచేసి చూపినది 1884లో. మన పితరులు తెలియక త్రాగిరి. నాకు తెలిసియుండెను. మేలు చేయ నెరిగియు చేయనివాని గూర్చి యాకోబు 4:17 ఏమి చెప్పుచున్నదో మీరే చదువుడి.

మన బ్రదుకులును అట్లే గదా! ఆదివారమున మనము తేటగానే కనబడుదుము. ఇంటిలో ఒక మాట పట్టింపు వచ్చి కడవ కదిలినచో అడుగున నున్న బురదయంతయు పైకి వచ్చును. ఎలీషా ఊట యొద్దకు వెళ్లెను. ప్రభువు కూడ మన హృదయము నొద్దకే రాగోరుచున్నాడు. ఆయనను పై తేటతో సరిపెట్టవద్దు.

చిన్నవారికి ఇచ్చు గిన్నెడు చన్నీళ్లకును ఫలమున్నదని మత్తయి 10:42లో ప్రభువు వాగ్దానము చేసెను. ఆ గిన్నె అపాయము లేనిదై యుండవలెను. ఇప్పుడు మా కూడికలలో మొదటి పొయ్యి అన్నమునకు కాదు, నీటికే వెలిగింతుము. మీరును అట్లు చేయుడి. ప్రభువు మన ఊటలను బాగుచేయును గాక. ఆమేన్.