జవాబును కూడా తట్టి చూడాలి, బిడ్డా

రా బిడ్డా, గడపలో నిలబడకు, ఇట్లా అరుగు మీద కూర్చో. ఫోను కాసేపు జేబులో పెట్టు. తొమ్మిది కావడానికి ఇంకా టైముందిలే. తొమ్మిదికి మీ దోస్తుల గ్రూపులో పది ప్రశ్నలు వస్తాయని, రోజుకొకరు వంతు వేసుకుని పెడతారని నాకు తెలుసు. మీ అమ్మ చెప్పింది. అన్నం పళ్లెం ముందు పెట్టుకుని ఎడమచేత్తో జవాబులు కొడుతున్నావని కూడా చెప్పింది.

మానెయ్యమని అనడం లేదు. మన గోలేటి పిల్లలు రాత్రిపూట బైకులు ఉరికించే బదులు లోకం గురించి ఒకరినొకరు అడుక్కుంటున్నారంటే నాకు సంతోషమే. 2022లో సింగరేణి బొగ్గు కంపెనీ 177 జూనియర్ అసిస్టెంట్ పోస్టులకు పరీక్ష పెట్టినప్పుడు ఈ క్వార్టర్లలో ఎన్ని ఇళ్లలో అర్ధరాత్రి దాకా లైటు వెలిగిందో చూసినవాణ్ని. చదవాలి, తప్పదు. నా బాధంతా మీ తొందర గురించే. ప్రశ్న సగం చదవకముందే వేలు పడిపోతోంది. ముందు ఎవరు పెట్టారన్నదే లెక్క, అది నిజమా కాదా అని చూసే ఓపిక ఎవరికీ లేదు.

మొన్న నువ్వే చూపించావు కదా, దేశంలో ఎక్కువమంది మాట్లాడే భాషల్లో తెలుగు ఎన్నోదని ప్రశ్న. మూడోదని కొట్టావు, మార్కు వేశారు, చప్పట్ల బొమ్మలు పెట్టారు. 2001 జనాభా లెక్కల్లో అది మూడోదే. 2011 లెక్కలకు మరాఠీ ముందుకు వెళ్లింది, తెలుగు నాలుగోదైంది. దాని కిందనే జాతీయ క్రీడ ఏదని ఉంది. పదిమందీ హాకీ అన్నారు. ఏ ఆటనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని కేంద్ర క్రీడల శాఖే 2012లో సమాచార హక్కు కింద జవాబిచ్చింది. అడిగిందెవరో తెలుసా, పదేళ్ల పిల్ల. అందరూ అనే మాటే అయినా, అట్లా ప్రకటించిన ఉత్తర్వు కాగితం ఎక్కడుందో చూపించమంది. మీ గ్రూపులో అందరూ ఆ పిల్లకంటే పెద్దవాళ్లే కదా బిడ్డా.

జవాబుకు కూడా వయసుంటుంది. తెలంగాణలో జిల్లాలెన్ని అంటే ఒకప్పుడు పది. 2016 దసరా నాడు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట వచ్చి 33 అయ్యాయి. నేను ఉత్తరాల మీద ఆదిలాబాద్ జిల్లా అని రాసిన ఊరే ఇది. ఇప్పుడు నువ్వు కుమురం భీం ఆసిఫాబాద్ అని రాస్తున్నావు. ఊరు కదల్లేదు, జవాబు మారింది.

నేను బొగ్గుబాయిలో సర్దారుగా, అంటే పనిచోటు భద్రత చూసేవాడిగా, కొత్తలో ఉన్నప్పటి మాట చెబుతాను. బాయిలో మనుషుల్ని పనికి పంపేముందు సర్దారు వెళ్లి పైకప్పు తట్టి చూడాలి. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, లోపల వదులైతే డొల్లగా మోగుతుంది. ఆ రోజు ఫస్టు షిఫ్టు, ఆలస్యమైంది. ముందురోజు నేనే తట్టిన చోటు, బాగానే ఉందిలే అని మాట మీద పంపించేశాను. మా టింబర్‌మన్ ఒకాయన, పైకప్పుకు కర్రలు ఆనించేవాడు, సంతకం కూడా రాని మనిషి, కర్రతో తట్టి, "సార్, డొల్ల" అన్నాడు. అందర్నీ వెనక్కి లాగాం. కాసేపటికి మంచమంత బండ ఊడి పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన నన్ను తిట్టలేదు. "నిన్న తట్టింది నిన్నటికే సార్" అన్నాడు, అంతే. తప్పు పూర్తిగా నాదే. రిటైరయ్యేదాకా ఒక్కరోజు కూడా తట్టకుండా పంపలేదు మళ్లీ.

నీ జవాబును కూడా అట్లా తట్టి చూడు. ఏ ఏడాది లెక్క, ఎవరు చెప్పారు, ఎక్కడ రాసుంది, ఇవి ఒక నోటుబుక్కులో పక్కన రాసుకో. నిమిషం ఆలస్యమైతే ఫస్టు రావు. రాకపోతే ఏమవుతుంది? అన్నం తినేటప్పుడు వచ్చిన ప్రశ్న అన్నం తిన్నాక కూడా అక్కడే ఉంటుంది.

ఇంకో మాట. గనుల్లో భద్రతా దీపం కనిపెట్టిందెవరంటే హంఫ్రీ డేవీ, 1815 అని రెండు సెకన్లలో కొట్టావు. సరైనదే. ఆ దీపం పట్టుకుని నేనిన్నేళ్లు బాయిలో తిరిగాను కదా, దాని గురించి నన్ను ఒక్క మాటైనా అడిగావా? ఇంగ్లండులో ఫెల్లింగ్ అనే బాయిలో 1812లో గ్యాసు పేలి 92 మంది పోయారు, వాళ్లలో పిల్లలు కూడా ఉన్నారు. అట్లాంటి చావుల సంగతి తెలిసి డేవీ ఆ పనికి పూనుకున్నాడు. మంట చుట్టూ సన్నని తీగ జల్లెడ ఉంటే వేడిని ఆ తీగలే లాక్కుంటాయి, బయటి గ్యాసు అంటుకోదు. గ్యాసుంటే మంట మీద నీలంగా టోపీలాగా లేస్తుంది. గాలిలో ఆక్సిజన్ తగ్గితే మంట చిన్నబోయి ఆరిపోతుంది. అదే ఏడాది జార్జ్ స్టీఫెన్సన్ కూడా ఒక దీపం చేశాడు, ఎవరు ముందన్న తగవు చాలా రోజులు నడిచింది. చూశావా, ఒక్క మార్కు ప్రశ్న వెనక ఎంత కథ ఉందో. ఆ నీలం మంట సంగతి విన్నాక డేవీ పేరు మరిచిపోతావా? పేరు ఒక్కటే బట్టీ పడితే పరీక్ష హాలులో చెమట పట్టగానే ఎగిరిపోతుంది.

పెరూ రాజధాని లిమా అని తెలుసు నీకు. మరి సింగరేణి అనే ఊరు ఎక్కడుంది? ఖమ్మం జిల్లాలో. 1871లో డాక్టర్ కింగ్ బొగ్గు గుర్తించింది ఆ పక్కనే ఇల్లెందు దగ్గర. కంపెనీకి ఆ ఊరి పేరు, పెద్దాఫీసేమో కొత్తగూడెంలో. మనది బెల్లంపల్లి ఏరియా, జీఎం ఆఫీసు మాత్రం మన గోలేటిలో. గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజుగారిది మన జిల్లాలోని మర్లవాయి. ఇవి మీ పది ప్రశ్నల్లో ఎప్పుడైనా వచ్చాయా? రోజుకొక్క ప్రశ్న ఇంట్లోవాళ్లను అడిగి పెట్టు. మీ నాన్న షిఫ్టు దిగి వచ్చి ఒక్కడే టీవీ ముందు కూర్చుంటున్నాడు. అడిగితే ఆయన దగ్గర ఏడాదికి సరిపడా ప్రశ్నలున్నాయి.

అసలు నిన్ను పిలిచింది ఇందుకు. మీ గ్రూపులో ఒక పిల్లవాడు నెల రోజులుగా జవాబే పెట్టడం లేదట. ఆస్ట్రేలియా రాజధాని సిడ్నీ అన్నాడట ఒకసారి. కాన్‌బెర్రా అని చెబితే అయిపోయేది. నవ్వే బొమ్మలు కుప్పపోశారు, అప్పట్నుంచి వాణ్ని సిడ్నీ అనే పిలుస్తున్నారు. నువ్వూ పిలిచావు, నేను విన్నాను. వాడు పొద్దుగాల ఇంటింటికీ పాలు వేసి వచ్చి చదువుకునేవాడు. నువ్వు చెడ్డవాడివి కావు, నాకు తెలుసు. నలుగురూ నవ్వుతుంటే నవ్వావు, అదీ తొందరే. బాయిలో మేం తప్పు చెప్పినవాణ్ని చూసి నవ్వేవాళ్లం కాదు బిడ్డా. ఈ రోజు నవ్వితే రేపు వాడు నోరు తెరవడు. ఆ టింబర్‌మన్‌ను మేం చదువు లేదని అంతకుముందు నవ్వి ఉంటే, ఆ రోజు డొల్ల అని అనేవాడా?

రేపు ప్రశ్నలు పెట్టే వంతు నీదే కదా. పొద్దున పాలు వేసే వేళకు వాడి దగ్గరికి వెళ్లు. అసలు పేరు పెట్టి పిలువు. ఆ వంతు వాడికివ్వు.