కేటీ చేసిందా, చేయలేదా?

పేరు తెలిసినంత మాత్రాన ఒకరు మనకు తెలిసిపోయినట్టేనా? ఈ సందేహం నాకు ఒక పురుగు వల్ల వచ్చింది. నవ్వకండి.

మా మల్లెపందిరి మీద ఒక ఆకు నడుస్తోంది. ఈనెలతో సహా అచ్చం ఆకే! మామూలు మిడతకు మీసాలు పొట్టి. దీనికేమో ఒంటికన్నా పొడుగు, దారప్పోగుల్లా. ఇంగ్లీషులో కేటీడిడ్ అంటారు. మనవాళ్ళు దీన్నీ మిడతల్లోనే కలిపేసి ఊరుకున్నారు.

ఆ పేరు సంగతి వినండి. అమెరికాలో చెట్లమీద ఉండే ఒక జాతి రాత్రిళ్ళు అరుస్తుంటే అక్కడివాళ్ళకు 'కేటీ చేసింది, కేటీ చేయలేదు' అన్నట్టు వినిపించిందట! ఆ కేటీ ఎవరో, ఏం చేసిందో ఎవరికీ తెలియదు. అయినా వేసవి వస్తే రాత్రల్లా విచారణే. మగపురుగు పాపం ముందురెక్కలు ఒకదానికొకటి రాసుకుంటూ తన జోడీని పిలుచుకుంటుంటే, విన్నవాళ్ళకు ఒక ఆడపిల్ల మీద చాడీ వినిపించింది చూశారా! ఆ పురుగు చెవులు ముందుకాళ్ళకు, మోకాలికి దిగువన ఉంటాయి. మన చెవులు ఎక్కడున్నాయో మరి.

మా అమ్మాయి సెల్‌ఫోన్ పట్టుకొచ్చింది. ఫోటో చూపిస్తే పేరు చెప్పే యాప్ ఉందిగా. పక్కనుంచి ఒకటి, ఎదురుగా ఒకటి, తోకవైపు ఒకటి కావాలట. అచ్చం పెళ్ళిచూపులే! అటు తిరుగమ్మా, కాస్త తలెత్తమ్మా. పేరూ, గోత్రమూ, పొడుగూ తెలుసుకుని పిల్ల సంగతంతా తెలిసిపోయిందనుకుని వెళ్ళేవాళ్ళని ఎంతమందిని చూడలేదు మనం!

"కదిలిపోతోందమ్మా, కాసేపు ఫ్రిజ్‌లో పెడదామా?" అంది.

ఫోటోలు తీసేవాళ్ళలో కొందరు అలాగే చేస్తారు. చలికి ఒళ్ళు మొద్దుబారి కదలకుండా ఉంటుంది. చంపడం లేదుగా, అంటారు. ఆ మాట తీసిపారేయదగ్గదీ కాదు. అసలు ఈ పేర్లన్నీ సూదిగుచ్చి పెట్టెల్లో దాచిన పురుగుల పుణ్యమే కదా. అది శాస్త్రం, దానివల్ల పదిమందికీ ఉపయోగం. మనది వట్టి సరదా. మన సరదా కోసం దాని ఒళ్ళు బిగదీసే హక్కు మనకెవరిచ్చారు? నేను వద్దన్నాను.

నాలుగు ఫోటోలు తీస్తే మూడింట్లో ఆకులే పడ్డాయి. నాలుగోదాంట్లో తోక చివర కొడవలిలాంటిది కనిపించింది. గుడ్లు పెట్టే సాధనం అది. అంటే ఆడదన్నమాట. యాప్ కుటుంబం పేరు చెప్పి ఆగిపోయింది. వీటిలో చాలా జాతుల్ని విడదీయాలంటే మగదాని రెక్క అడుగున ఉండే సన్నటి రంపప్పళ్ళు కూడా చూడాలట.

ఇంటిపేరు దొరికింది గానీ అసలు పేరు దొరకలేదు. నాకెందుకో ఆ పురుగు మీద గౌరవం పెరిగింది. అమ్మాయి మాత్రం "ఫ్రిజ్‌లో పెట్టనిచ్చుంటే..." అని ఇప్పటికీ సణుగుతూనే ఉంది.