తిరుగు టపా ఖర్చు

అమెరికా జైళ్ళలో ఉన్నవాళ్ళతో కలం స్నేహం చేసేవాళ్ళ మధ్య ఎప్పటికీ తెగని తగువు ఒకటుంది. మనం రాసే ఉత్తరానికి స్టాంపు మనం అంటిస్తాం, సరే. అవతలి మనిషి రాసే జవాబుకి స్టాంపు ఎవరు కొనాలి? పైకి చిల్లర తగువే. టెక్సస్ జైల్లో ఉన్న ఒక పెద్దాయనకి నేను మూడేళ్ళుగా ఉత్తరాలు రాస్తున్నాను. ఆయన చేసిన నేరం గురించి నన్ను అడిగినవాళ్ళు తక్కువ. డబ్బు సంగతి అడగనివాళ్ళు లేరు.

ముందు లెక్క చూద్దాం. ఇక్కడ మామూలు ఉత్తరానికి స్టాంపు 2025 జులై నుంచి 78 సెంట్లు. ఫెడరల్ జైళ్ళలో వంటపని, ఊడ్చే పని, బట్టలుతికే పని లాంటివాటికి గంటకి 12 నుంచి 40 సెంట్లు ఇస్తారు. అంటే ఒక్క స్టాంపు కోసం రెండు గంటల నుంచి ఆరున్నర గంటల దాకా పని చెయ్యాలి. టెక్సస్‌లో ఈ లెక్క కూడా కుదరదు, అక్కడ ఖైదీలు చేసే పనికి దాదాపుగా కూలే లేదు. 1865లో బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణ, నేరానికి శిక్షగా చేయించే చాకిరీని మాత్రం మినహాయించింది. ఆ మినహాయింపు మీదే ఇదంతా నడుస్తోంది. కూలి లేకపోయినా ఖర్చులున్నాయి. ఒంట్లో బాగోలేదని తనంతట తను డాక్టరుని అడిగితే 13 డాలర్ల 55 సెంట్లు ఖాతాలోంచి పోతాయి. ఆ ఖాతాలోకి డబ్బు బయటున్న అమ్మో, చెల్లెలో, భార్యో పంపితేనే రావాలి. అపరిచితుల ఉత్తరాల కోసం ఎదురుచూసేది చాలావరకు అలా పంపేవాళ్ళు లేనివాళ్ళే. నాకు ఆ 78 సెంట్లు ఒక నిమిషం జీతం కూడా కాదు.

ఇంత తేడా ఉన్నాక ఇంకా చర్చేముంది, ఉన్నవాడు పెట్టుకోవాలి అనిపిస్తుంది. ఈ నీతి మన తరానికి కొత్తేం కాదు. 2003 దాకా మన దేశంలో సెల్‌ఫోనుకి వచ్చే కాల్‌కి కూడా డబ్బు పోయేది. ఆ తర్వాత వచ్చే కాల్ ఉచితమైంది, మిస్డ్ కాల్ పుట్టింది. ఇంజనీరింగ్ హాస్టల్లో ఒక మిస్డ్ కాల్ అంటే బస్సు దిగాను అని, రెండంటే కిందికి రా అని. ఇంటికి ఇస్తే నాన్న తిరిగి చేస్తాడు. ఎవరి దగ్గర బ్యాలెన్స్ ఉంటే వాళ్ళు చెయ్యాలి, అంతే. దాన్ని ఎవరం దానం అనుకోలేదు, ఎవరం చిన్నబోలేదు. 1840కి ముందు బ్రిటన్‌లో ఉత్తరం ఖర్చు సాధారణంగా అందుకున్నవాళ్ళే కట్టుకోవాల్సి వచ్చేది. డబ్బులేనివాళ్ళు కవరు పైన ముందే అనుకున్న గుర్తులు పెట్టించుకుని, ఆ గుర్తు చూసి క్షేమమే అని తెలుసుకుని, ఉత్తరం మాకొద్దని వెనక్కిచ్చేసేవారట. మన మిస్డ్ కాల్‌కి తాతయ్య అన్నమాట. 1837లో రోలండ్ హిల్ ఒక కరపత్రం రాసి, పంపేవాడే ముందుగా కట్టాలి, దూరంతో పని లేకుండా ఒకటే ధర ఉండాలి అని వాదించాడు. దాని ఫలితమే స్టాంపు. మనకి ఆ పద్ధతి 1854లో వచ్చింది. అయినా పాత పద్ధతి తోక ఒకటి మిగిలిపోయింది, అదే బేరింగు ఉత్తరం. స్టాంపు లేకుండా డబ్బాలో పడేస్తే, అందుకున్నవాడు రెట్టింపు కట్టి విడిపించుకోవాలి. పెద్దవాళ్ళు తిట్టుకుంటూనే విడిపించుకునేవారు. లోపల ఏముందో ఏమో!

ఇక్కడి జైలు ఫోన్లు చాలాకాలం ఆ బేరింగు పద్ధతిలోనే నడిచాయి, ఎత్తినవాళ్ళకే బిల్లు. ఇప్పుడు కనెక్టికట్, కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో ఆ ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుంటోంది.

మా స్నేహితుల్లో ఎక్కువమంది స్ప్లిట్‌వైజ్ తరం. రూమ్మేట్లుగా ఉన్నప్పుడు కొత్తిమీర కట్టని కూడా నాలుగు భాగాలు చేసి యాప్‌లో ఎక్కించినవాళ్ళం. వాళ్ళ వాదన సూటిగా ఉంటుంది: "నువ్వు రాసేదానికి నువ్వు, ఆయన రాసేదానికి ఆయన. లేకపోతే అది స్నేహం ఎందుకవుతుంది రా, స్పాన్సర్‌షిప్ అవుతుంది." నవ్వి వదిలెయ్యాల్సిన మాట కాదిది. బట్టలు, తిండి, నిద్రపోయే వేళ, ఏదీ తన చేతిలో లేని మనిషికి, తన స్టాంపు తను కొనుక్కుని ఉత్తరం పంపడం పెద్ద విషయమే. అదొక్కటీ మనం లాక్కుని "నేనున్నానుగా" అంటే వినేవాడికి ఎలా ఉంటుంది? మన పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకం ఉంటుంది చూడండి, ఎవరు ఎంత చదివించారో రాసిపెట్టి, వాళ్ళింట్లో పెళ్ళయినప్పుడు ఆ పేజీ తిప్పి చూసుకుంటారు. బయటివాళ్ళకి లెక్కలాగే కనిపిస్తుంది. నిజానికి ఆ పుస్తకంలో పేరుండటమే పరువు, తిరిగి ఇవ్వగలిగినవాళ్ళ జాబితా అది. ఇవ్వలేనివాళ్ళు పెళ్ళికి రావడమే మానేస్తారు.

స్ప్లిట్‌వైజ్ వాదన నాకు నచ్చనిది ఇక్కడే. చెరిసగం అనేది ఇద్దరూ తెచ్చిపెట్టగలిగినప్పుడు మర్యాద. ఒకడు తేలేడని తెలిసి కూడా చెరిసగం అన్నామంటే, రావద్దని చెప్పినట్టే.

పోనీ నేనే పెట్టుకుంటాను అనుకుంటే, ఎలా పెట్టుకోవాలన్నది ఇంకా చిక్కు. కవర్లో రెండు స్టాంపులు పెట్టి పంపుదామంటే కుదరదు. ఫెడరల్ జైళ్ళలో స్టాంపులు లోపలి దుకాణంలో కొనుక్కోవాలి, లేదా జైలు వాళ్ళే ఇవ్వాలి. 2004లో సిగరెట్లు నిషేధించాక అక్కడ స్టాంపులు, మాకెరల్ చేప పొట్లాలు చిల్లర డబ్బుగా చెలామణీ అయ్యాయి. మనం పంపే స్టాంపు వాళ్ళ దృష్టిలో నోటే.

టాబ్లెట్ల మీద నడిచే మెసేజీలు ఇంకో దారి. కాగితం లేదు, బంట్రోతు లేడు, అయినా ఒక్కో మెసేజీకి ఖర్చయ్యేదాన్ని 'స్టాంపు' అనే పిలుస్తారు. సర్వర్లో నాలుగు కిలోబైట్లు కదిలించడానికి ఎంతవుతుందో తెలిసిన వృత్తిలో ఉన్నాను కాబట్టి ఆ పేరు చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. అందులో, మన మెసేజీతో పాటు జవాబు ఖర్చు కూడా ముందే కట్టి పంపే సదుపాయం ఉంది. సౌకర్యమే. పోస్టాఫీసుల్లో జవాబు కార్డు కూడా అదే కదా, ఒక కార్డుకి ఇంకో ఖాళీ కార్డు అతికించి ఉంటుంది. వ్యాపార సంస్థలకి పనికొచ్చింది. కానీ స్నేహంలో ఆ ఖాళీ కార్డు ఏం చేస్తుందో ఆలోచించండి. నీ జవాబుకి డబ్బు కట్టేశాను, అది ఇంక దేనికీ పనికిరాదు, రాయడం తప్ప. రాయకపోతే నా డబ్బు వృథా చేసినవాడివి నువ్వు. జైల్లో ఉన్న మనిషికి ఇంకొకరు పెట్టే గడువు ఇది.

అందుకే నేను తిరుగు స్టాంపు కొనను. మూడు నెలలకోసారి ఆయన ఖాతాలో ముప్ఫై డాలర్లు వేస్తాను, దేనికో చెప్పను. స్టాంపులకి వాడచ్చు, కాఫీకి వాడచ్చు. జవాబు రాయకుండా ఉండే స్వేచ్ఛ ఆయనకి లేకపోతే, రాసిన జవాబుని నేను నమ్మలేను. నా స్వార్థం కూడా ఉందన్నమాట ఇందులో. ఖర్చంతా మనం పెట్టుకోవచ్చు, పెట్టుకున్నాక ఉత్తరాలు లెక్కపెట్టే హక్కు మాత్రం వదిలేసుకోవాలి. పెట్టేది తేలికే, వదిలేది కష్టం.

ఎంత కష్టమో రెండో ఎండాకాలం తెలిసింది. డబ్బు వేశాక నాలుగు నెలలు ఉత్తరం లేదు. "అందిందని ఒక్క ముక్క రాయచ్చుగా" అంది మా ఆవిడ. "ఆయనకి నీలాంటివాళ్ళు ఇంకో పదిమంది ఉన్నారేమో, నీకేం తెలుసు?" అన్నాడు ఆఫీసులో ఒకతను. ఉండచ్చు. పదిమందికి ఒకే ఉత్తరం తిరగరాసి డబ్బు రాబట్టే ఖైదీలు లేరని నేననను. అయితే పదిమంది స్నేహితులుండటం నాకు తప్పు కానప్పుడు ఆయనకెలా తప్పవుతుంది? అడుగుదామా వద్దా అని ఊగి, చివరికి డబ్బు ఊసెత్తకుండా మా బాల్కనీలో బెండ మొక్కల గురించి ఒక ఉత్తరం రాశాను. ఆ డబ్బుతో ఫ్యాన్ కొనుక్కున్నారని తర్వాత తెలిసింది. టెక్సస్ జైళ్ళలో చాలాచోట్ల ఏసీ లేదు. ఆ వేడిలో నాకు ఉత్తరం రాయడం కంటే అది ముఖ్యం అని నేనూ ఒప్పుకుంటాను.

మన భాషలో జైలు ఉత్తరాలు అనగానే వరవరరావు గారి 'సహచరులు' లాంటివి గుర్తొస్తాయి. వాళ్ళకి బయట చదివేవాళ్ళున్నారు, అచ్చువేసేవాళ్ళున్నారు. మా పెద్దాయన ఉత్తరాల్లో సాహిత్యం ఏమీ ఉండదు. మోకాలి నొప్పి, పక్క మంచం మనిషి గురక, ఆదివారం పెట్టిన తిండి. విమర్శకుడిగా నాకు రాయడానికి ఏమీ దొరకదు, అయినా ఒక్కోటి రెండుసార్లు చదువుతాను. నేను రాసేవి ఆయనకి చేరవు కూడా, బొమ్మలే చేరతాయి. 2023 నుంచి టెక్సస్ ఖైదీలకి వచ్చే మామూలు ఉత్తరాలన్నీ డాలస్‌లో ఒకచోటికి వెళ్ళి, స్కానై, టాబ్లెట్ల మీద కనిపిస్తాయి. నా కాగితం మా ఇంటినుంచి అరగంట దూరం కూడా దాటదు. ఆయన కాగితం మాత్రం నా చేతికి వస్తుంది, మడతలతో సహా.

మరి ప్రభుత్వం? మనిషిని అక్కడ పెట్టింది అదే కాబట్టి టపా ఖర్చూ దానిదే అనేవాళ్ళతో నాకు పేచీ లేదు. కోర్టు కాగితాల వరకూ అమెరికా సుప్రీంకోర్టు 1977లోనే ఆ మాట అంది: డబ్బులేని ఖైదీకి కాగితం, కలం, స్టాంపులు ప్రభుత్వమే ఇవ్వాలని. మామూలు ఉత్తరాలకి కూడా, డబ్బులేనివాళ్ళు బయటి సంబంధాలు నిలుపుకోవడానికి తగినన్ని స్టాంపులు ఇవ్వాలని ఫెడరల్ నిబంధనల్లో ఉంది. టెక్సస్‌లో ఖాతా ఖాళీగా ఉన్నవాళ్ళకి నెలకి 5 ఉత్తరాలు. ఇది వినగానే, మరి నువ్వెందుకు మధ్యలో అన్నారు చాలామంది. ఆ 5 ఉత్తరాలూ అప్పు. తర్వాత ఎప్పుడైనా ఎవరైనా ఖాతాలో డబ్బు వేస్తే, ఆ కాగితం, టపా ఖర్చు అందులోంచి ముందు పట్టుకుంటారు.

నేను మొదటిసారి వేసిన ముప్ఫైలో కూడా అలా కొంత పోయింది. ఎంత పోయిందో ఆయన తర్వాతి ఉత్తరంలో పైసలతో సహా లెక్క రాశారు, నేను అడక్కుండానే. వాటిల్లో నాకు రాసినవి రెండే, మిగతావన్నీ తన కూతురికి రాసినవని కూడా రాశారు. ఆ స్టాంపులు కూడా నేనే కొన్నట్టయింది. కూతురు జవాబు రాసిందో లేదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.